ప్రకటన గ్రంథంలోని మృగాలు, స్త్రీలు, ముద్ర: వాటి అర్థం ఎక్కడ వెదకాలి?

నర్సంపేట ప్రాంతం నుంచి ఒక సహోదరి అడిగిన ప్రశ్న ఇది. వారి ఊరి ఉజ్జీవ సభల్లో ఒక ప్రసంగికుడు పెద్ద పటం వేలాడదీసి, బైబిలులో చివరిదైన ప్రకటన గ్రంథం 13వ అధ్యాయంలోని పది కొమ్ముల క్రూరమృగం ఐరోపా దేశాల కూటమి అనీ, ఆ మృగం పేరిట కుడిచేతి మీద వేసే, దేవుని తీర్పుకు గురిచేసే ముద్ర అంటే ఆధార్ వేలిముద్రే అనీ బోధించారు. అది విన్నప్పటి నుంచి వాళ్ల అమ్మగారు రేషన్ దుకాణంలో మిషన్ మీద వేలు పెట్టడానికి భయపడి బియ్యం తెచ్చుకోవడం మానేశారు. అది నిజంగా ఆ ముద్రేనా, ఈ గుర్తుల అర్థాన్ని ఎలా తెలుసుకోవాలి, ఒక్కొక్కరు ఒక్కో విధంగా చెబుతుంటే ఎవరి మాట నమ్మాలి అని ఆమె అడిగారు.

సహోదరీ, ముందుగా సూటిగా సమాధానం చెబుతాను. ఆధార్ వేలిముద్ర మృగపు ముద్ర కాదు. అమ్మగారు నిశ్చింతగా వెళ్లి బియ్యం తెచ్చుకోవచ్చు. కేవలం ధైర్యం చెప్పడానికి ఈ మాట అనడం లేదు. ఆ ముద్ర ఆరాధనకు సంబంధించినదని వాక్యమే చెబుతోంది. దాన్ని కింద వివరిస్తాను. ఇక గుర్తుల విషయానికి వస్తే, ఏ రూపానికైనా అర్థాన్ని మొదట ప్రకటన గ్రంథంలోనే వెదకాలి, తరువాత పాత నిబంధనలో, ఆ తరువాత ఆ గ్రంథాన్ని మొదట అందుకున్న ఏడు సంఘాల పరిస్థితిలో వెదకాలి. నేటి వార్తలు ఈ మూడింటి తరువాతే రావాలి. వార్తలతో మొదలుపెట్టిన వ్యాఖ్యానం ఎంత ఆసక్తికరంగా ఉన్నా, దాని పునాది వాక్యంలో ఉండదు.

నేను హనుమకొండలో చాలా ఏళ్లుగా దానియేలు, ప్రకటన గ్రంథాలను బోధిస్తున్నాను. మా తరగతికి సి.ఎస్.ఐ. వారు, బాప్టిస్టులు, పెంతెకొస్తు వారు, బ్రదరెన్ వారు వస్తారు, అప్పుడప్పుడు కాజీపేట నుంచి కథోలిక విశ్వాసులు కూడా వస్తారు. అంత్యదినాల మీద వీరందరికీ ఒకే అభిప్రాయం లేదు. అయినా పైన చెప్పిన వరుసను పాటించి చదివినప్పుడు వీరు ఏకీభవించే విషయాలే ఎక్కువగా కనబడుతున్నాయి.

గ్రంథమే చెప్పిన అర్థాలు. చాలామంది గమనించని విషయం ఏమిటంటే, ప్రకటన గ్రంథం తన గుర్తుల్లో అనేకం తానే విప్పి చెప్పింది. ఏడు దీపస్తంభాలు ఏడు సంఘాలని 1:20 చెబుతుంది. ధూపద్రవ్యాలతో నిండిన పాత్రలు పరిశుద్ధుల ప్రార్థనలని 5:8లో ఉంది. ఘటసర్పం ఎవరో 12:9 దాచలేదు, అది ఆది సర్పమైన సాతాను. పెండ్లికుమార్తె ధరించిన సన్నపు నారబట్టలు పరిశుద్ధుల నీతిక్రియలని 19:8 చెబుతుంది. స్త్రీ కూర్చున్న జలాలు ప్రజలు, జనసమూహాలు అని 17:15లో దూతే వివరించాడు. గ్రంథం అర్థం చెప్పిన చోట దాన్ని పక్కనపెట్టి మరో అర్థం తేవడానికి ఏ బోధకునికీ అధికారం లేదు. పైగా ఈ వివరణలన్నింటినీ ఒకచోట పెట్టి చూస్తే, ఈ దర్శనాలను చూసి రాసిన యోహాను ఎలాంటి గుర్తుతో ఎలాంటి సంగతి చెబుతాడో మనకు ఒక అలవాటు ఏర్పడుతుంది. దీపస్తంభం సంఘం కాగలిగితే, సర్పం సాతాను కాగలిగితే, మృగం అనగానే అడవి జంతువునో ఒకానొక యంత్రాన్నో ఊహించుకోవలసిన పని లేదు.

పాత నిబంధన తాళపుచెవి. ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం, ఎందుకంటే మీ ప్రసంగికుని పటం దారి తప్పింది ఈ చోటే. దానియేలు 7వ అధ్యాయం తెరిచి పక్కన పెట్టుకోండి. అక్కడ సముద్రంలో నుంచి నాలుగు మృగాలు వస్తాయి: రెక్కలున్న సింహం, నోట మూడు ప్రక్కటెముకలున్న ఎలుగుబంటి, నాలుగు తలల చిరుతపులి, ఇనుప దంతాలూ పది కొమ్ములూ ఉన్న భయంకరమైన నాలుగవ మృగం. అవి నలుగురు రాజులని 7:17, నాలుగవది ఒక రాజ్యమని 7:23 చెబుతాయి. 8వ అధ్యాయం మరింత స్పష్టంగా ఉంది: పొట్టేలు మాదీయ పారసీక రాజులు, మేకపోతు గ్రేకుల రాజు అని పేర్లతో సహా చెప్పింది.

ఇప్పుడు ప్రకటన 13:1-2 చదవండి. సముద్రంలో నుంచి వచ్చే మృగానికి చిరుతపులి రూపం, ఎలుగుబంటి పాదాలు, సింహపు నోరు, పది కొమ్ములు ఉన్నాయి. దానియేలు చూసిన నాలుగింటినీ యోహాను ఒకే దేహంలో చూస్తున్నాడు. దానియేలు మృగాల తలలన్నీ కూడితే ఏడు వస్తాయి, ఇక్కడి మృగానికీ ఏడు తలలే. కాబట్టి ఈ మృగం దేవునికి విరోధంగా తన్ను తాను హెచ్చించుకొని, మనుషుల నుంచి ఆరాధన కోరే సామ్రాజ్యాధికారం. దానియేలు 7:13-14లో ఈ మృగాల తరువాత రాజ్యాన్ని పొందేది మనుష్యకుమారుని పోలిన వ్యక్తి. దేవుని మరచిన అధికారం మృగంగా మారుతుందనీ, దేవుడిచ్చే రాజ్యానికే మానవ ముఖం ఉంటుందనీ ఆ దర్శనం చెబుతోంది. పది కొమ్ములకు పది దేశాల పేర్లు రాసే తొందరలో ఈ గంభీరమైన మాట వినబడకుండా పోతోంది.

ఆనాటి పాఠకులకు ఈ రూపాలు వింతగా తోచేవి కావు. మన ఓరుగల్లు కాకతీయుల రాజలాంఛనం వరాహం. దాన్ని చూసిన ఆనాటి రైతు ఒక పంది తనను పాలిస్తోందని అనుకోలేదు, అది ఎవరి అధికారానికి గుర్తో అతనికి తెలుసు. దానియేలును చిన్ననాటి నుంచి విన్న విశ్వాసికి సముద్రంలోంచి వచ్చే మృగం కూడా అలాగే అర్థమై ఉంటుంది.

ఐరోపా కూటమి సంగతి ఒకసారి చూద్దాం. 1981లో గ్రీసు చేరడంతో ఆ కూటమిలో సభ్య దేశాలు సరిగ్గా పది అయ్యాయి. ప్రవచనం నెరవేరిందని చాలామంది బోధకులు అప్పట్లో ప్రకటించారు. 1986లో స్పెయిన్, పోర్చుగల్ చేరి పన్నెండు అయ్యాయి, ఇప్పుడు 27 ఉన్నాయి. అయినా ఆ పాత పటం మన పల్లెల్లో ఇంకా తిరుగుతూనే ఉంది. అంతకుముందు అమెరికాలో విలియం మిల్లర్ దానియేలులోని దినాలను లెక్కగట్టి ఇచ్చిన బోధ ఆధారంగా, ప్రభువు 1844 అక్టోబరు 22న వస్తాడని వేలాదిమంది ఎదురుచూసి, తీవ్రమైన నిరాశలో మునిగారు. కాలాలనూ సమయాలనూ తెలుసుకోవడం మీ పని కాదని ప్రభువు అపొస్తలుల కార్యములు 1:7లో చెప్పిన మాటను ఇలాంటి సందర్భాల్లో గుర్తుచేసుకోవాలి.

మొదటి పాఠకులు. ఎఫెసు, స్ముర్న, పెర్గము, తుయతైర, సార్దీస్, ఫిలదెల్ఫియ, లవొదికయ అనే ఏడు పట్టణాలూ నేటి టర్కీ పశ్చిమ భాగంలో ఉన్నాయి. రెండవ శతాబ్దపు బోధకుడైన ఐరేనియస్, దొమితియను చక్రవర్తి పాలన చివరి రోజుల్లో, అంటే సుమారు 95వ సంవత్సరంలో, యోహానుకు ఈ దర్శనం కలిగిందని రాశాడు. అంతకుముందటి రోమా చక్రవర్తి నీరో కాలమే అని వాదించే పండితులూ ఉన్నారు. ఏదైనా రోమా ప్రభుత్వపు నీడలోనే ఈ గ్రంథం పుట్టింది. పెర్గములో క్రీస్తు పుట్టుకకు ముందే అగస్తు చక్రవర్తికీ రోమా దేవతకూ ఆలయం కట్టారు. ఎఫెసులో దొమితియను కాలంలోనే చక్రవర్తి వంశానికి ఆలయం వెలసింది. తరువాత సుమారు 112లో బితూనియ ప్రాంతపు అధిపతి ప్లీనీ, క్రైస్తవులని అనుమానం వచ్చినవారి చేత చక్రవర్తి విగ్రహం ముందు ధూపమూ ద్రాక్షారసమూ అర్పింపజేసి పరీక్షించానని త్రాయాను చక్రవర్తికి రాశాడు. ఆ ఉత్తరం నేటికీ ఉంది. దాన్ని చదివి ప్రకటన 13:15లోని మృగపు ప్రతిమను గురించి చదివితే, ఆ మాటలు విన్న సంఘాలు ఏ భయంతో బ్రతుకుతున్నాయో తెలుస్తుంది.

అదే అధ్యాయంలో భూమిలో నుంచి వచ్చే రెండవ మృగానికి గొఱ్ఱెపిల్ల కొమ్ముల వంటి రెండు కొమ్ములుండి, ఘటసర్పం లాగా మాట్లాడుతుంది. ఇది ఎవరని చాలామంది తర్జనభర్జన పడతారు కాని, 16:13, 19:20 వచనాలు దానికి అబద్ధ ప్రవక్త అని పేరు పెట్టాయి. అధికారాన్ని ఆరాధించమని జనానికి నేర్పే మతమే దాని పని. మరొకటి గమనించండి. మొదటి మృగాన్ని చాలామంది క్రీస్తు విరోధి అంటారు. "క్రీస్తు విరోధి" అనే మాట ప్రకటన గ్రంథంలో ఒక్కసారి కూడా లేదు, అది యోహాను పత్రికల్లోనే ఉంది. 1 యోహాను 2:18 ప్రకారం అప్పటికే అనేకులైన క్రీస్తు విరోధులు బయలుదేరారు. చివర ఒక వ్యక్తి రావచ్చునని నేనూ నమ్ముతాను, 2 థెస్సలొనీకయులు 2వ అధ్యాయం ఆ దిశగానే మాట్లాడుతోంది. అయితే ఆ ఒక్కని కోసమే చూస్తూ, అదే ఆత్మ మన మధ్య పనిచేసే తీరును గమనించకపోతే యోహాను హెచ్చరిక మనకు ఉపయోగపడదు.

ముద్ర, 666. మీ అసలు ప్రశ్న ఇదే కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. 13:16-17లో కుడిచేతి మీదనైనా నొసట నైనా ముద్ర లేనివాడు కొనడానికీ అమ్మడానికీ వీలులేదని ఉంది. చాలామంది అక్కడ ఆగిపోతారు. అధ్యాయాల విభజన తరువాత వచ్చింది కాబట్టి ఆగకుండా 14:1 చదవాలి: గొఱ్ఱెపిల్లతో సీయోను కొండమీద నిలిచినవారి నొసళ్ల మీద ఆయన నామమూ తండ్రి నామమూ రాసి ఉన్నాయి. అంటే ఇక్కడ రెండు ముద్రలున్నాయి, ప్రతి మనిషీ ఈ రెండింటిలో ఏదో ఒకటి ధరించినవాడే. దేవుని నామం మన నొసట సిరాతో కనబడదు గదా, మరి మృగపు ముద్ర మాత్రం చర్మం మీదో చిప్‌లోనో ఉండాలని ఎందుకు పట్టుబట్టాలి? ద్వితీయోపదేశకాండము 6:8 దేవుని ఆజ్ఞలను చేతికి సూచనగా, కన్నుల నడుమ బాసికంలా ఉంచుకోమంది. యెహెజ్కేలు 9:4లో పట్టణపు హేయకార్యాలను గూర్చి మూల్గేవారి నొసళ్ల మీద గురుతు వేయబడింది. చెయ్యి చేసే పనికీ, నొసలు ఆలోచనకూ గుర్తులు. ముద్ర మనం ఎవరి సొత్తో చెబుతుంది.

ప్రకటన 14:9 దీన్ని ఇంకా స్పష్టం చేస్తుంది. అక్కడ తీర్పు ప్రకటించబడింది మృగానికీ దాని ప్రతిమకూ నమస్కారం చేసి ముద్ర వేయించుకొన్నవారి మీద. ఆరాధన లేకుండా ముద్ర ఒక్కటే ఎక్కడా విడిగా రాదు. రేషన్ దుకాణంలో డీలరు మిమ్మల్ని ఎవరికీ మొక్కమని అడగడు, క్రీస్తును విడిచిపెట్టమనీ అడగడు. మిషన్ మీద పెట్టిన వేలు మీరెవరో నిర్ధారిస్తుందే తప్ప మీరు ఎవరిని సేవిస్తున్నారో నిర్ణయించదు. ఆధార్ సమాచారం ఎంత భద్రంగా ఉందన్నది వేరే ప్రశ్న. సుప్రీంకోర్టు 2018లో దానిపై సుదీర్ఘమైన తీర్పే ఇచ్చింది. పౌరులుగా ఆ విషయం మీద ఎవరి అభిప్రాయం వారికి ఉండవచ్చు, దాన్ని ఆత్మ రక్షణతో ముడిపెట్టకూడదు.

కరోనా కాలంలో మా తరగతిలోని ఒక పెద్దాయన టీకా సూదిలో ముద్ర ఉందన్న ప్రచారం విని, ఇంట్లోవాళ్లు ఎంత చెప్పినా ఒప్పుకోలేదు. ఆయనతో వాదించకుండా 13:11 నుంచి 14:12 వరకు ఆగకుండా బిగ్గరగా చదవమని అడిగాను. చదవడం ముగించి, "ఇందులో మొక్కమని అడిగేది ఉంది, నన్నెవరూ మొక్కమనలేదు గదా అయ్యగారూ" అని తానే అన్నారు. మరుసటి వారం టీకా వేయించుకున్నారు. అమ్మగారి చేత కూడా అలాగే చదివించండి. చదువు రాకపోతే మీరు చదివి వినిపించండి.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఆధార్ ముద్ర కాదన్నంత మాత్రాన ఈ భాగం మనకు వర్తించదని అర్థం కాదు. ఒక స్థిరాస్తి కార్యాలయంలో పనిచేసే యువకుణ్ణి, ఒక వితంతువు భూమికి సంబంధించిన కాగితాల్లో అబద్ధపు సాక్షి సంతకం చేయమని యజమాని ఒత్తిడి చేశాడు. అతడు చేయనన్నాడు, ఉద్యోగం పోయింది. ఆ సంతకాన్ని మృగపు ముద్ర అని నేను పేరు పెట్టను. కాని బ్రతుకుతెరువుకూ దేవుని పట్ల నమ్మకత్వానికీ మధ్య ఎంచుకోవలసి రావడం అంటే ఏమిటో అతనికి తెలుసు. రేషన్ మిషన్‌కు భయపడే సంఘం, ఇలాంటి యువకుణ్ణి పట్టించుకోకపోతే, ఈ అధ్యాయాన్ని తలకిందులుగా చదివినట్టే.

666 సంగతి. 13:18లో మృగపు సంఖ్యగా చెప్పబడినది ఇదే. హెబ్రీ అక్షరాలకు అంకెల విలువలున్నాయి. నీరో కైసరు పేరును హెబ్రీలో రాస్తే నూన్ 50, రేష్ 200, వావ్ 6, నూన్ 50, ఖోఫ్ 100, సామెఖ్ 60, రేష్ 200, మొత్తం 666. చివరి నూన్ లేకుండా రాసే పద్ధతీ ఉంది, అప్పుడు 616 అవుతుంది. కొన్ని ప్రాచీన ప్రతుల్లో ఈ సంఖ్య 616గానే ఉండడం ఈ వివరణకు బలమిస్తుంది. నేటి పండితుల్లో ఎక్కువమంది దీన్ని అంగీకరిస్తారు, నేనూ దీనివైపే మొగ్గుతాను. కాని ఐరేనియస్ మాటకు నేను ఇంకా ఎక్కువ విలువ ఇస్తాను. ఏడు సంఘాల్లో ఒకటైన స్ముర్నలో బిషప్పుగా ఉన్న యోహాను శిష్యుడని చెప్పే పాలికార్పు బోధను బాల్యంలో స్వయంగా విన్నవాడు ఆయన. కొన్ని పేర్లు సరిపోతాయని చూపించి కూడా, ఇదే అని ఖండితంగా చెప్పడానికి ఒప్పుకోలేదు. ఈ కాలంలో ఆ పేరును బహిరంగంగా చెప్పవలసి ఉంటే దర్శనం చూసినవాడే చెప్పి ఉండేవాడని ఆయన అభిప్రాయం. యోహానుకు అంత దగ్గరివాడే ఆగిన చోట మనమూ ఆగడం మంచిది.

ఇద్దరు స్త్రీలు. 12వ అధ్యాయంలో సూర్యుని ధరించి, పాదాల క్రింద చంద్రుడు, తలమీద పన్నెండు నక్షత్రాల కిరీటం ఉన్న స్త్రీని కథోలిక సహోదరులు మరియమ్మగా ధ్యానిస్తారు. ఆమె కనే శిశువు మెస్సీయ కాబట్టి ఆ భావానికి ఆధారం లేదనలేము. అయితే ఆదికాండము 37:9లో యోసేపు కలలోని సూర్యచంద్ర నక్షత్రాలు యాకోబు కుటుంబానికి గుర్తులు, ప్రకటన 12:17లో ఆమె సంతానంలో శేషించినవారు యేసు సాక్ష్యాన్ని గైకొనేవారు. కనుక మెస్సీయను కని, హింస పాలైన దేవుని ప్రజలే ఆ స్త్రీ అని నేను చదువుతాను. 17వ అధ్యాయంలోని మహా బబులోను అనే స్త్రీ ఆమెకు పూర్తిగా వ్యతిరేకం. 17:9లోని ఏడు కొండలూ, 17:18లో భూరాజులను ఏలే మహాపట్టణమూ ఆనాటి శ్రోతకు రోమును తప్ప మరొకదాన్ని చూపవు. కాని 18:12-13లో ఆమె వర్తకపు సరుకుల జాబితాను నిదానంగా చదవండి. బంగారంతో మొదలై, ముత్యాలు, పట్టుబట్టలు, దాల్చినచెక్క, గోధుమలు, పశువులు, గుఱ్ఱాలు దాటి, చివర మనుషుల ప్రాణాల దగ్గర ఆగుతుంది. మనిషిని సరుకుల చిట్టాలో చివరి పద్దుగా రాసే ఏ వ్యవస్థకైనా ఆ తీర్పు వర్తిస్తుంది.

ముద్ర వేయబడిన 1,44,000 మంది సంగతి కూడా చూద్దాం. 7:4లో యోహాను ఆ లెక్కను వింటాడు, 7:9లో ఎవరూ లెక్కపెట్టలేని గొప్ప సమూహాన్ని చూస్తాడు. 5వ అధ్యాయంలోనూ యూదా గోత్రపు సింహం అని విని, తిరిగి చూస్తే వధింపబడినట్లున్న గొఱ్ఱెపిల్ల కనబడుతుంది. విన్నదీ చూసినదీ ఒకటే అయినందున, ఆ రెండు సమూహాలూ ఒకే ప్రజలని నా అవగాహన. ఆ 1,44,000 మంది క్రీస్తును నమ్మిన యూదులే అని బోధించేవారితో నాకు తగవు లేదు. 11వ అధ్యాయంలోని ఇద్దరు సాక్షుల గుర్తులకు మూలం జెకర్యా 4వ అధ్యాయంలో ఉంది, వారి కార్యాలు మోషే, ఏలీయాలను తలపిస్తాయి.

ఇక వేర్వేరు బోధలు ఎందుకున్నాయంటే, కొందరు ఈ సంగతులు ఎక్కువగా మొదటి శతాబ్దంలో జరిగాయంటారు, కొందరు సంఘ చరిత్ర అంతటా నెరవేరుతూ వచ్చాయంటారు, కొందరు ఎక్కువ భాగం భవిష్యత్తులో అంటారు, కొందరు ఇవి ప్రతి యుగంలో జరిగే పోరాటానికి చిత్రాలంటారు. మన ప్రాంతపు సభల్లో కనబడే పటాలు ఎక్కువగా మూడవ దృక్పథానివి. 19వ శతాబ్దంలో జాన్ నెల్సన్ డార్బీ అనే బోధకుడు బైబిలు చరిత్రకు చేసిన యుగాల విభజన, 1909లో వెలువడిన స్కోఫీల్డు వ్యాఖ్యాన సహిత బైబిలు ద్వారా లోకమంతటా వ్యాపించింది. దాన్ని నమ్మే భక్తిపరులు అనేకులున్నారు, 20వ అధ్యాయంలోని క్రీస్తు వెయ్యేండ్ల పరిపాలన విషయంలో వారి వాదనలను నేను గౌరవిస్తాను. కాని అది సంఘం ఆది నుంచి నమ్మిన ఏకైక బోధ అని చెప్పడం సరికాదు.

మీ సంఘంలో ఎవరైనా మళ్లీ పటం పెడితే, "ఈ అర్థాన్ని ఏ వచనం ఇస్తోంది అయ్యగారూ, స్ముర్న సంఘం దీన్ని ఎలా అర్థం చేసుకొని ఉంటుంది?" అని వినయంగా అడగండి. మంచి బోధకుడు ఆ ప్రశ్నకు సంతోషిస్తాడు. సమాధానంలో వచనం ఏదీ లేకుండా ఒక దేశం పేరో ఒక కార్డు పేరో మాత్రమే వస్తే, దాన్ని ఆయన సొంత అభిప్రాయంగా ఎంచుకొని వదిలేయండి.

ఇంట్లో చదవడానికి నేను సూచించే క్రమం ఇది. మొదట దానియేలు 2, 7, 8 అధ్యాయాలు, తరువాత జెకర్యా 4, యెహెజ్కేలు 9. ఆ పైన ప్రకటన 1 నుంచి 5 వరకు, ముఖ్యంగా ఏడు ఉత్తరాలను తొందరపడకుండా చదవండి. 13వ అధ్యాయాన్ని ఎప్పుడూ 12, 14 అధ్యాయాలతో కలిపే చదవండి. ఒకరు పైకి చదువుతుంటే మిగిలినవారు వినాలి. 1:3లోని ధన్యత చదువువానికీ వినువారికీ కలిపి ఇవ్వబడింది, ఆ సంఘాలు దీన్ని అలాగే విన్నాయి.